నార్వే, స్వీడన్, ఐస్లాండ్ ప్రజలు అంతమంది పుట్టిన నేలను ఎందుకు విడిచారు?

చరిత్రవిద్యార్థి

సభ్యులందరికీ నమస్కారం. స్థిరపడితే అక్కడే స్థిరపడాలని ప్రపంచం నలుమూలల వాళ్లూ కోరుకునే దేశాల్లో నార్వే, స్వీడన్, డెన్మార్క్ ఇవాళ ముందువరసలో ఉన్నాయి. అలాంటి నార్వే నుంచి 1825కూ 1920ల చివరికీ మధ్య సుమారు 8 లక్షల మంది, స్వీడన్ నుంచి 12 లక్షలకు పైగా, డెన్మార్క్ నుంచి దాదాపు 3 లక్షల మంది సముద్రం దాటి వెళ్లిపోయారు. 1865లో నార్వే మొత్తం జనాభా 17 లక్షలే. జనాభాతో పోల్చి చూస్తే యూరప్‌లో ఐర్లాండ్ తరువాత అంతగా మనుషులను పోగొట్టుకున్న దేశం నార్వేనే.

ఆకలికి తట్టుకోలేక వెళ్లారని సాధారణంగా ఒక్క మాటలో చెప్పి ముగిస్తారు. ఆ మాట నాకు చాలినట్టుగా అనిపించడం లేదు. వెళ్లినవారు ఎవరు, ప్రయాణపు ఖర్చు ఎలా సమకూర్చుకున్నారు, చేరిన చోట ఎవరి భూమిలో నాగలి పెట్టారు అన్న విషయాలు తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

శారద టీచర్

మంచి చర్చకు తెర తీశారు. నేను నార్వే వరకు చెబుతాను.

1801 జనగణన ప్రకారం నార్వే జనాభా సుమారు 8 లక్షల 80 వేలు. అరవై నాలుగేళ్లలో అది దాదాపు రెట్టింపయింది. 1814 తరువాత ఆ ప్రాంతంలో దీర్ఘకాలం యుద్ధాలు లేవు; మశూచి టీకా పసిపిల్లలను కాపాడింది; బంగాళాదుంప పేదల కడుపు నింపింది. స్వీడన్‌లో జనాభా పెరగడానికి శాంతి, టీకా, బంగాళాదుంప అనే మూడే కారణాలని ఎసాయియాస్ తెగ్నేర్ అనే కవి చెప్పిన మాట నార్వేకూ వర్తిస్తుంది. మనుషులు పెరిగారు గాని భూమి పెరగలేదు. కొండలు, రాళ్లు, మంచు పోగా నార్వేలో సాగుకు పనికివచ్చే నేల నూటికి మూడు వంతుల దగ్గరే ఉంటుంది. ఆ కాస్త భూమి కూడా వారసత్వపు ఆనవాయితీ ప్రకారం పెద్దకొడుకుకు దక్కేది. మిగిలిన కొడుకుల్లో చాలామంది ఇంకొకరి కమతం అంచున చిన్న గుడిసె వేసుకుని, కాస్త భూమి చెక్క సాగు చేసుకుంటూ, అందుకు బదులుగా ఆసామి పొలంలో పని చేసేవారు. వీరిని హుస్‌మన్ అంటారు. తండ్రి హుస్‌మన్ అయితే కొడుకూ హుస్‌మన్ కావడమే తరచుగా జరిగేది.

వ్యవస్థీకృతంగా సాగిన మొదటి ప్రయాణం రెస్టొరేషన్ అనే చిన్న తెరచాప ఓడది. 1825 జూలై 4న స్టవాంగర్ రేవు నుంచి 52 మందితో బయలుదేరి, అక్టోబరు 9న న్యూయార్క్ చేరేసరికి 53 మంది అయ్యారు. దారిలో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ ఓడ పొడవు సుమారు 54 అడుగులు. అంత చిన్న ఓడలో అంతమందిని ఎక్కించడం అమెరికా చట్టానికి విరుద్ధం కనుక అధికారులు ఓడను పట్టుకుని జరిమానా వేశారు. అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ దాన్ని మాఫీ చేశాడు. 1821లోనే అమెరికాకు వెళ్లి పరిస్థితులు చూసివచ్చిన క్లెంగ్ పీర్సన్ అనే వ్యక్తి వీరికి దారి చూపాడు. మొదట ఒంటారియో సరస్సు దగ్గర కెండల్‌లో అడవి కొట్టుకుని బతికారు. 1834 నుంచి వారిలో చాలామంది ఇల్లినాయిలోని ఫాక్స్ రివర్ ప్రాంతానికి తరలారు. ఆ తరువాత వచ్చిన నార్వేజియన్లు పడమరకు సాగడానికి ఫాక్స్ రివర్ తొలి మజిలీ అయింది.

నాగావళి

శారద గారూ, మీరు ఇచ్చిన ఉదాహరణే మీ కారణాన్ని ప్రశ్నిస్తోంది. రెస్టొరేషన్‌లో ఎక్కినవారు ఆకలితో పారిపోయినవారు కారు. వారిలో క్వేకర్లు (ప్రభుత్వ చర్చికి బయట నిలిచిన ఒక చిన్న క్రైస్తవ శాఖ వారు), వారి సానుభూతిపరులు, హౌగే అనే బోధకుడి అనుచరులు ఉన్నారు. నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటిష్ వారికి బందీలుగా చిక్కిన నార్వే నావికులు కొందరు ఇంగ్లండ్‌లో క్వేకర్ మతం స్వీకరించి, తిరిగి వచ్చి స్టవాంగర్‌లో చిన్న సమాజంగా ఏర్పడ్డారు. పెళ్లి, బాప్తిస్మం, అంత్యక్రియలు అన్నీ ప్రభుత్వ లూథరన్ చర్చి చేతుల్లోనే ఉన్న దేశంలో ఆ కొద్దిమందికి ఊపిరి ఆడలేదు. హన్స్ నీల్సన్ హౌగే అనే రైతు అయితే అనుమతి లేకుండా ఊరూరా ప్రార్థనలు జరిపించినందుకు ఏళ్ల తరబడి నిర్బంధంలో గడిపాడు.

స్వీడన్‌లోనూ ఇదే. ఎరిక్ యాన్సన్ అనే బోధకుడు బైబిల్ తప్ప ఇతర మతగ్రంథాలు అక్కరలేదని వాటిని బహిరంగంగా తగలబెట్టించి, అరెస్టులు ఎదుర్కొని, 1846లో అనుచరులతో ఇల్లినాయి చేరి బిషప్ హిల్ అనే ఊరు కట్టాడు. అక్కడ ఆస్తి అంతా ఉమ్మడి. 1850లో అతడు హత్యకు గురైనా ఆ ఊరు మరో పదేళ్లపాటు ఉమ్మడిగానే నడిచింది. స్వీడన్ ప్రజలు గుంపులుగా కదలడం అలవాటు చేసుకున్నది ఆ ప్రయాణాలతోనే.

రైతుబిడ్డ_ఏలూరు

మతం దారి తెరిచిందన్నది నిజం. కాని నార్వేలో 1840లలో, స్వీడన్‌లో 1858లో ప్రార్థనా సమావేశాలపై ఆంక్షలు తొలగించాక వలస తగ్గలేదు, పదింతలు పెరిగింది. కనుక అసలు కారణం మరోచోట వెతకాలి. నేను వ్యవసాయం వైపు నుంచి చెబుతాను, కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

స్వీడన్‌లో 1827 నాటి భూసంస్కరణతో చెల్లాచెదురుగా ఉన్న పొలం చెక్కలను ఒక్కచోటికి చేర్చి ఒక్కో రైతుకు ఒక్కో కమతంగా ఇచ్చారు. దిగుబడి పెరిగింది. కాని ఊరి నడుమ పక్కపక్కనే ఉన్న ఇళ్లు విప్పి కొత్త కమతాల మీదికి మార్చవలసి వచ్చింది, ఊరి ఉమ్మడి బీళ్లు పంపకమయ్యాయి, ఆ బీళ్ల మీద రెండు మేకలు మేపుకునే భూమిలేనివారికి ఆధారం పోయింది. దీనికి తోడు పాలేర్ల చట్టం ఒకటి ఉండేది. ఆస్తి గాని, స్థిరమైన వృత్తి గాని లేని మనిషి ఎవరో ఒక యజమాని దగ్గర ఏడాది ఒప్పందం మీద పని చేసి తీరాలి. యజమానిని మార్చుకోవాలంటే అక్టోబరు చివరి వారం ఒక్కటే గడువు. ఈ చట్టం 1926 దాకా పుస్తకాల్లో నిలిచే ఉంది. ఇలాంటి బతుకు బతికే ఇరవై ఏళ్ల కుర్రవాడికి, అమెరికాలో 160 ఎకరాలు నీ పేరు మీద రాసిస్తారట అన్న కబురు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

ఆకలి పాత్ర లేదని నేను అనడం లేదు. 1867లో అతి చలితో, 1868లో అనావృష్టితో స్వీడన్‌లో పంటలు వరుసగా పోయాయి, ఆ రెండు మూడేళ్లలోనే వలస ఒక్కసారిగా ఉప్పెనలా లేచింది. కాని పెద్ద దశాబ్దం అది కాదు. 1880లలో 3 లక్షలకు పైగా స్వీడన్ ప్రజలు వెళ్లారు, అప్పుడు కరువు లేదు. అప్పుడు జరిగింది ధాన్యం ధర పడిపోవడం. అమెరికా మైదానాల గోధుమ రైళ్ల మీద, ఆవిరి ఓడల మీద చవకగా యూరప్ చేరి అక్కడి రైతు ధాన్యానికి గిరాకీ లేకుండా చేసింది. ముందు వెళ్లిన స్వీడన్ రైతు మిన్నెసోటాలో పండించిన గోధుమే, వెనక మిగిలిన అతని తమ్ముడి సేద్యాన్ని దెబ్బతీసి అతణ్ణీ ఓడ ఎక్కించింది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసే విషయం ఇదే.

మంజీర

అందరి సమాచారానికీ ధన్యవాదాలు. అంత పేదవారికి టిక్కెట్టు డబ్బు ఎక్కడిది? ఈ ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

శారద టీచర్

మంజీర గారూ, బాగా నిరుపేదలు మొదట వెళ్లలేదు. తొలి దశలో చిన్న కమతం అమ్ముకుని కుటుంబంతో సహా బయలుదేరిన రైతులే ఎక్కువ. 1849లో బ్రిటన్ విదేశీ ఓడలపై ఆంక్షలు పెట్టిన తన నౌకాయాన చట్టాలను రద్దు చేశాక నార్వే ఓడలకు కెనడా రేవులు తెరుచుకున్నాయి. మనుషులను క్వెబెక్‌లో దింపి, తిరుగు ప్రయాణంలో కలప నింపుకుని ఇంగ్లండ్ చేర్చేవారు కనుక ప్రయాణపు ఖర్చు తగ్గింది. తెరచాప ఓడల్లో ఆ ప్రయాణానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది; తిండి, వంటసామాను ప్రయాణికులే తెచ్చుకోవాలి; దారిలో జ్వరాలకు పిల్లలు చనిపోయేవారు.

ఆవిరి ఓడలు వచ్చాక పద్ధతి మారింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి ఇంగ్లండ్‌లోని హల్ రేవుకు ఓడ, అక్కడి నుంచి లివర్‌పూల్‌కు రైలు, లివర్‌పూల్ నుంచి న్యూయార్క్‌కు పెద్ద ఓడ. అట్లాంటిక్ దాటడానికి రెండు వారాల లోపే చాలింది. అప్పుడు అన్నగారో, మేనమామో అమెరికాలో డబ్బు కట్టి పంపిన టిక్కెట్టు మీద వెళ్లేవారు గణనీయంగా పెరిగారు. ఓడ కంపెనీల ఏజెంట్లు పల్లెపల్లెకూ తిరిగేవారు గాని, వారి ప్రకటనల కంటే బంధువు రాసిన ఉత్తరానికే విలువ ఎక్కువ. ఒక ఇంటికి వచ్చిన అమెరికా ఉత్తరాన్ని లోయ మొత్తం చదివేది, చేత్తో నకళ్లు రాసుకునేది.

ఇక్కడ ఓలె రిన్నింగ్‌ను తప్పక తలచుకోవాలి. 1837లో ఇల్లినాయి వెళ్లిన ఈ చదువుకున్న యువకుడు, అక్కడి భూముల ధరలు, కూలిరేట్లు, రోగాలు, బానిసత్వం గురించి ప్రశ్నలూ జవాబులుగా చిన్న పుస్తకం రాశాడు. స్నేహితుడు దాన్ని నార్వే తీసుకువెళ్లి 1838లో అచ్చు వేయించాడు. చదవను రానివారు కూడా చదివించుకుని విన్నారు. రిన్నింగ్ మాత్రం బీవర్ క్రీక్ అనే చిత్తడి నేలలో జ్వరాలు చుట్టుముట్టిన ఆ వలస గ్రామంలోనే అదే ఏడాది మరణించాడు.

వేణు_మిన్నియాపొలిస్

నేను ఉద్యోగరీత్యా మిన్నెసోటాలో ఉంటున్నాను. ఇక్కడి చర్చిల పేర్లు, టెలిఫోను జాబితాల్లో ఇంటిపేర్లు చూస్తే మీరు రాస్తున్న చరిత్ర ఎంత లోతుగా వేళ్లూనిందో తెలుస్తుంది. అయితే చర్చ ఇంతవరకు ఒక వైపు నుంచే సాగింది. చరిత్రవిద్యార్థి గారు అడిగిన మూడో ప్రశ్న, ఎవరి భూమి అన్నది, అలాగే ఉండిపోయింది.

దక్షిణ మిన్నెసోటాలో అధిక భాగం మూలవాసులైన డకోటా జాతి వారిది. 1851లో జరిగిన రెండు ఒప్పందాలతో వారు ఆ నేలను వదులుకుని మిన్నెసోటా నది వెంట ఒక సన్నని పట్టీకి పరిమితం కావలసి వచ్చింది. ఇస్తామన్న సొమ్ము ఆలస్యమయ్యేది, మధ్యవర్తుల చేతుల్లో కరిగిపోయేది. 1862 మే నెలలో హోమ్‌స్టెడ్ చట్టం మీద లింకన్ సంతకం చేశాడు. దాని ప్రకారం అయిదేళ్లు నివసించి సాగు చేసినవారికి, పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించిన విదేశీయులతో సహా, 160 ఎకరాలు దాదాపు ఉచితంగా దక్కుతాయి. అదే ఏడాది ఆగస్టులో ఆకలితో ఉన్న డకోటాలు తిరగబడ్డారు. చనిపోయిన వందలాది వలస రైతుల్లో జర్మన్లతో పాటు స్వీడిష్, నార్వేజియన్ కుటుంబాలూ ఉన్నాయి. డిసెంబరు 26న మంకేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడాది డకోటా జాతినే మిన్నెసోటా నుంచి వెళ్లగొట్టారు. స్కాండినేవియా (నార్వే, స్వీడన్, డెన్మార్క్) నుంచి పెద్ద అలలు వచ్చింది ఆ తరువాతే. ఖాళీగా ఉన్న భూమి దొరికిందని ఉత్తరాల్లో రాసుకున్నారు. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో ఇది.

నాగావళి

వేణు గారి మాట కాదనను. కాని స్వదేశంలో సెంటు భూమి లేక, భాష రాక, ప్రభుత్వం చూపిన చోట గుడిసె వేసుకున్న మనిషినీ, ఆ ఒప్పందాలు రాయించిన అధికారులనూ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఉత్తరదిక్కు

తూచడం కంటే ఒక చోటును దగ్గరగా చూడటం మేలనుకుంటాను. అందుకు ఐస్లాండ్ వారి వలస కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

1875లో ఐస్లాండ్‌లో అస్క్యా అగ్నిపర్వతం పేలి తూర్పు జిల్లాల గడ్డినేలల మీద బూడిద కప్పేసింది. గొర్రెల మీద బతికే దేశంలో గడ్డి పోతే బతుకు పోయినట్టే. అప్పటికే డెన్మార్క్ వ్యాపారుల పట్టుతో, చలిగాలులతో వలస మొదలై ఉంది. సుమారు 70 వేల జనాభా ఉన్న ఆ దీవి నుంచి 1870కీ 1914కీ మధ్య దాదాపు 15 వేల మంది, కొందరి లెక్కల్లో ఇంకా ఎక్కువమంది, ఉత్తర అమెరికాకు వెళ్లారు. 1875 అక్టోబరు 21న మొదటి బృందం కెనడాలోని విన్నిపెగ్ సరస్సు పడమటి ఒడ్డున దిగి గిమ్లీ ఊరికి పునాది వేసింది. చలికాలం ముంచుకొచ్చే వేళ అది, ఉన్న వలలు ఆ సరస్సుకు పనికిరాలేదు, తిండి చాలలేదు. మరుసటి ఏడాది ఇంకో 1200 మంది వచ్చారు, వారి వెంట మశూచి వచ్చింది. సుమారు వంద మంది ఐస్లాండ్ వారు చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. నెలల తరబడి ఆ ప్రాంతం నుంచి ఎవరినీ బయటికి కదలనివ్వలేదు.

అదే మశూచి అక్కడి మూలవాసులను ఇంకా క్రూరంగా తుడిచిపెట్టింది. శాండీ బార్ దగ్గర సోల్టో జాతి వారి చిన్న పల్లె ఉండేది. కెనడా ప్రభుత్వం ఆ నేలను ఐస్లాండ్ వారికి కేటాయించినప్పుడు, ఈ స్థలం మాదని జాన్ రామ్సే అనే సోల్టో మనిషి అడ్డుచెప్పాడు, మొదట్లో ఘర్షణ కూడా జరిగింది. అయినా తరువాత వేటమాంసం ఇచ్చి, వేట నేర్పి వలసదారులను ఆదుకున్నవాడు అతడే. అతని భార్య బెట్సీ మశూచికే చనిపోయింది. తన సొమ్ముతో తెప్పించి అతడు ఆమె సమాధి మీద నిలిపిన పాలరాతి ఫలకం ఇప్పటికీ ఉంది. నాగావళి గారూ, బాధితుడూ ఆక్రమించినవాడూ ఒకే మనిషి కావచ్చునని ఆ సరస్సు ఒడ్డు చూపిస్తుంది. ఇద్దరి బాధనూ చెప్పాలి, ఒకరి బాధ చాటున మరొకరిది పోకూడదు.

ఆ కష్టంలోనే 1877లో వారు ఫ్రామ్‌ఫరి అనే పత్రిక నడిపారన్నది కూడా చెప్పాలి. ఇంటికి కప్పు సరిగ్గా లేని కాలంలో అచ్చుయంత్రం కొనడం సామాన్యమైన విషయం కాదు. తమ వలస ప్రాంతానికి సొంత పాలనా నియమావళి కూడా రాసుకున్నారు. ఆ తరువాత మత వివాదాలు, 1880 వరదలు చాలామందిని అమెరికాలోని డకోటా భూభాగానికి తరిమాయి.

వేణు_మిన్నియాపొలిస్

పత్రికల ప్రస్తావన వచ్చింది కనుక భాష గురించి. అయోవాలోని డెకోరా నుంచి వెలువడిన డెకోరా పోస్టెన్ అనే నార్వేజియన్ పత్రిక 1874లో మొదలై 1972 దాకా నడిచింది. మిన్నియాపొలిస్‌లో 1899లో నార్వేలోని వాల్‌డ్రెస్ లోయ నుంచి వచ్చినవారు ఒక సంఘంగా చేరారు. ఆ తరువాత లోయకొకటి చొప్పున డజన్ల కొద్దీ సంఘాలు పుట్టాయి. అమెరికాలో మనవాళ్లు తెలుగు సంఘాలతో ఆగక జిల్లాల వారీగా, ఊళ్ల వారీగా కలుసుకోవడం నేను చూస్తూ ఉంటాను కనుక ఈ సంగతి నాకు వెంటనే అర్థమైంది.

అయితే మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ల మీద లేచిన ద్వేషం వీరినీ తాకింది. 1918 మేలో అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ బడిలో, బహిరంగ స్థలాల్లో, టెలిఫోనులో, చివరికి చర్చి ప్రార్థనల్లో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష వాడరాదని ప్రకటన జారీ చేశాడు. కొన్ని నెలలకే అది రద్దయింది గాని, ముసలివారు నోరు తెరవడానికి భయపడ్డ ఆ నెలలు చర్చిల్లో ఇంగ్లీషు వైపు మొగ్గును వేగవంతం చేశాయి.

మంజీర

ఫిన్లాండ్ గురించి ఎవరూ రాయలేదు. వెళ్లిన ఆడవాళ్ల గురించి కూడా రాయలేదు.

ఉత్తరదిక్కు

ఫిన్లాండ్ వలస ప్రధానంగా పడమటి తీరంలోని ఆస్ట్రోబోత్నియా నుంచి. రష్యా చక్రవర్తి 1901లో తెచ్చిన సైనిక చట్టం కూడా యువకులను తరిమింది. వారు భూముల కంటే గనులకు ఎక్కువగా చేరారు. మిషిగన్ రాగి గనుల సమ్మె కాలంలో, 1913 క్రిస్మస్ ముందురోజు కాల్యుమెట్‌లోని ఇటాలియన్ హాలులో ఎవరో నిప్పు అని అరవగా తొక్కిసలాటలో 73 మంది చనిపోయారు. వారిలో అధికులు ఫిన్లాండ్ కార్మికుల పిల్లలు. ఫిన్ల మధ్య చర్చి పక్షం, సోషలిస్టు పక్షం అనే చీలిక ఎంత గట్టిదంటే, 1930ల తొలి ఏళ్లలో సుమారు ఆరు వేల మంది అమెరికా, కెనడాలు విడిచి ఫిన్లాండ్ సరిహద్దును ఆనుకుని సోవియట్ యూనియన్‌లో ఉన్న కరేలియాకు తరలిపోయారు. ఆదర్శంతో పనిముట్లు, పొదుపు సొమ్ము వెంట తీసుకెళ్లిన వారిలో ఎందరో 1937, 1938 నాటి స్టాలిన్ అణచివేతలో ప్రాణాలు కోల్పోయారు.

డెన్మార్క్ వారు మరింత చెదిరిపోయారు. మోర్మన్ మతం స్వీకరించి యూటా వెళ్లినవారు కొందరు, అర్జెంటీనాలోని తాందిల్ చేరినవారు కొందరు. న్యూజిలాండ్‌లో అడవి నరికి డానెవిర్క్ ఊరు కట్టినవారిలోనూ వీరున్నారు.

శారద టీచర్

ఆడవాళ్ల గురించి నేను చెబుతాను. 1880ల తరువాత ఒంటరిగా వెళ్లిన స్వీడిష్ యువతుల సంఖ్య బాగా పెరిగింది. షికాగో, మిన్నియాపొలిస్ ఇళ్లలో పనిమనుషులుగా వారికి గిరాకీ ఉండేది. స్వదేశంలో పశువుల కొట్టం, పొలం, వంటిల్లు మూడూ చూసి ఏడాదికి అందుకునే జీతం కంటే అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చేది, వారానికి ఒక పూట సెలవూ ఉండేది. తల్లిదండ్రులకు డబ్బు, చెల్లెలికి టిక్కెట్టు పంపినవారిలో వీరి వాటా చిన్నది కాదు.

చరిత్రవిద్యార్థి

నేను అడిగినదానికంటే ఎక్కువే అందింది, అందరికీ కృతజ్ఞతలు. ఇంత మంది వెళ్లిపోతుంటే ప్రభుత్వాలు ఏమీ చేయలేదా? తిరిగి వచ్చినవారు ఉన్నారా?

రైతుబిడ్డ_ఏలూరు

ఉన్నారు. స్వీడన్ వలసదారుల్లో సుమారు అయిదో వంతు తిరిగి వచ్చారు. 1880 తరువాత వెళ్లిన నార్వేజియన్లలో దాదాపు నాలుగో వంతు అని లెక్క. కొందరు సంపాదించిన సొమ్ముతో కమతం కొనుక్కోవాలనే ఉద్దేశంతోనే వెళ్లి వచ్చారు.

స్వీడన్ ప్రభుత్వం మేల్కొన్నది ఆలస్యంగా. సొంత ఇల్లు, చిన్న కమతం కొనుక్కునేవారికి 1904లో ప్రభుత్వ రుణాలు మొదలుపెట్టింది. 1907లో గుస్తావ్ సుండ్‌బర్గ్ అనే గణాంక శాస్త్రవేత్త చేతికి పెద్ద విచారణ అప్పగించింది. 1913 దాకా సాగిన ఆ విచారణ ఇరవై సంపుటాలు దాటింది. వాటిలో ఒకటి పూర్తిగా వలసదారులు తమ మాటల్లో చెప్పుకున్న కారణాలే. కూలి చాలదని, భూమి లేదని రాసినవారు ఉన్నారు. ఓటు లేదని, సైన్యంలో నిర్బంధంగా చేర్చుకుంటున్నారని, పెద్దల ముందు టోపీ తీసి నిలబడవలసి వస్తోందని రాసినవారూ అంతే పట్టుదలగా రాశారు. ఆస్తిని బట్టి ఓటు ఉండే ఆ దేశంలో 1909లో మగవారికి సార్వత్రిక ఓటుహక్కును అంగీకరించడానికి అనేక కారణాలున్నా, వెళ్లిపోతున్న మనుషుల లెక్క కూడా పాలకుల కళ్లెదుట ఉంది. చరిత్రవిద్యార్థి గారి మొదటి సందేహానికి నా జవాబు ఈ సంపుటమే: ఆకలి తీరే అవకాశం ఉన్నవారు కూడా, మనిషిగా లెక్కలోకి రాని చోట ఉండలేక వెళ్లారు.

శారద టీచర్

ఇంకా లోతుగా చూడాలనుకునేవారికి ఒక ఉపయోగకరమైన విషయం. నార్వే రాజధాని పోలీసులు 1867 నుంచి, గోథెన్‌బర్గ్ పోలీసులు 1869 నుంచి, ఓడ ఎక్కే ప్రతి వలసదారు పేరు, వయసు, స్వగ్రామం, చేరబోయే చోటు నమోదు చేశారు. నార్వే జాతీయ పురాభిలేఖాగారం తన జాబితాలను అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఊరి పేరుతో వెతికితే ఒకే లోయ నుంచి ఒకే నెలలో ఎంతమంది బయలుదేరారో వరుసగా కనిపిస్తుంది. టిక్కెట్టు పంపిన బంధువు ఎవరో తెలుసుకోవాలంటే మాత్రం కుటుంబాల దగ్గర మిగిలిన ఉత్తరాలు, చర్చి రిజిస్టర్లు కూడా కలిపి చదవాలి.